పులికాట్‌లో చీటీ, ఫోన్‌లో టోకెన్: ఊరిని కోడ్‌తో కట్టొచ్చా?

ఈరోజు టాపిక్ బ్లాక్‌చెయిన్ గేమ్స్. అయితే కథ మొదలయ్యేది సిలికాన్ వ్యాలీలో కాదండోయ్, మన తడ, సూళ్లూరుపేట పక్కన, పులికాట్ సరస్సులో. మన పెద్దలు ప్రళయకావేరి అనేవాళ్లు. మొన్న 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట వైపంతా తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ, నాకింకా నోటికి నెల్లూరు అనే వస్తుంది. సరస్సులో ఎక్కువ భాగం మనదే, దక్షిణం కొస తమిళనాడుది.

ఆ దక్షిణం కొసన, పళవేర్కాడు దగ్గర, సరస్సు సముద్రంలో కలిసే చోట రొయ్య బాగా పడుతుంది. పోటుకీ పాటుకీ అది ఆ ఇరుకులోంచే రావాలి, పోవాలి. అక్కడ కర్రలు పాతి వలలు కట్టే చోట్లు కొన్నే. మనుషులేమో చాలామంది. ఎవరు ముందెళ్తే వాళ్లదే అంటే రోజూ తలలు పగులుతాయి. అందుకని అక్కడి పట్టణవర్ మత్స్యకారులు తరతరాలుగా ఒక పద్ధతి నడుపుతున్నారు. పేరు 'పాడు'. తెలుగులో వినడానికి అదోలా ఉంది కదా, తమిళంలో వల వేసే వంతు అనుకోండి. అర్హత ఉన్న సభ్యుల జాబితా ఉంటుంది, చీటీలు వేస్తారు, చోట్లు వంతులవారీగా తిరుగుతాయి. ఈరోజు మంచి చోటు నీకొస్తే, రేపు నాకొస్తుంది. డబ్బున్నోడికి రెండు చీటీలు ఉండవు.

ఇప్పుడు ఇదే మాటని ఇంగ్లీషు వాళ్ల భాషలోకి మార్చి చూడండి. సభ్యుల జాబితా, అందరికీ కనిపించే రూల్స్, ర్యాండమ్ కేటాయింపు, పైన సర్కారు లేదు. డావో అని వింటుంటారే, డీసెంట్రలైజ్డ్ ఆటానమస్ ఆర్గనైజేషన్, దాని గురించి చెప్పేటప్పుడు సరిగ్గా ఇవే మాటలు వాడతారు. టర్కీలో అలాన్యా అనే ఊళ్లో కూడా ఇలాంటిదే ఉండేది. సెప్టెంబర్‌లో చీటీలు వేసి, ఆ తర్వాత జనవరి దాకా రోజూ ఒక చోటు తూర్పుకి జరిగేవాళ్లు, జనవరి నుంచి పడమరకి. దీన్ని ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో తన పుస్తకంలో రాశారు, 2009లో ఆవిడకి ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. క్రిప్టో కమ్యూనిటీలు కట్టేవాళ్లు ఆవిడ పేరు తెగ వాడతారు. చదివినట్టు మాత్రం నాకు అనిపించదు. ఎందుకో చెప్తా.

2016లో ఈథీరియమ్ మీద 'ద డావో' అని ఒకటి పెట్టారు. సుమారు 150 మిలియన్ డాలర్లు పోగయ్యాయి. ఓటు మనిషికి ఒకటి కాదు, టోకెన్‌కి ఒకటి. జూన్‌లో కోడ్‌లో ఉన్న బొక్క పట్టుకుని ఎవడో 36 లక్షల ఈథర్ లాగేశాడు. 'కోడే చట్టం' అన్నవాళ్లే జూలైలో చెయిన్ రూల్స్ మార్చి డబ్బు తిరిగి ఇప్పించారు. ఒప్పుకోనివాళ్లు పాత చెయిన్ మీదే ఉండిపోయారు, దాన్నే ఈథీరియమ్ క్లాసిక్ అంటారు. అంటే చివరికి కూర్చుని తేల్చింది మనుషులే. మన తీరంలో మత్స్యకార గ్రామాల్లో పెద్దలు దురాయి వేస్తారే, అలా.

ఇక గేమ్స్. 2017 చివర్లో క్రిప్టోకిట్టీస్ పిల్లులు ఈథీరియమ్‌ని జామ్ చేసేశాయి. తర్వాత వియత్నాం కంపెనీ స్కై మేవిస్ తెచ్చిన ఆక్సీ ఇన్ఫినిటీ. అప్పట్లో ఆడాలంటే మూడు ఆక్సీలు కొనాల్సి వచ్చేది. 2021లో వాటికి వందల డాలర్లయ్యేది. ఫిలిప్పీన్స్‌లో లాక్‌డౌన్‌లో పని పోయినవాళ్లు అంత ఎక్కడ తెస్తారు? అందుకని ఉన్నవాడు ఆక్సీలు ఇస్తాడు, లేనివాడు ఆడతాడు, వచ్చిందాంట్లో వాటా పంచుకుంటారు. దీనికి 'స్కాలర్‌షిప్' అని పేరు పెట్టారు. మన పల్లెల్లో దీన్ని కౌలు అంటాం. కొత్తవాళ్లు వస్తున్నంతకాలం టోకెన్ పెరిగింది. రావడం తగ్గాక ఆడి సంపాదించే ఎస్‌ఎల్‌పీ టోకెన్ 2022 మధ్యకల్లా ఒక సెంటు కన్నా కిందికి పడిపోయింది.

ఆ మధ్యలోనే, 2022 మార్చి 23న, ఆక్సీ నడిచే రోనిన్ చెయిన్‌ని కొల్లగొట్టారు. లావాదేవీలు ఒప్పుకోడానికి తొమ్మిది తాళాలు, వాటిలో ఐదు చాలు. నాలుగు స్కై మేవిస్ దగ్గరే ఉన్నాయి. ఐదోది ఆక్సీ డావోది, అది కూడా దొంగల చేతికి చిక్కింది. 1,73,600 ఈథర్, రెండున్నర కోట్ల యూఎస్‌డీసీ పైనే పోయింది. సుమారు 60 కోట్ల డాలర్లు. ఇంకా విచిత్రం, ఆరు రోజులు ఎవ్వరూ గమనించలేదు! పళవేర్కాడులో వంతు కాని చోట ఎవడైనా వల కడితే ఆరు గంటలు కూడా ఆగదు. ఎందుకంటే పక్కవాడి పొట్ట ఆ చోటు మీదే ఆధారపడి ఉంది, వాడు చూస్తూ ఉంటాడు.

అలాగని పాడుని నేను పొగిడి వదిలేయను. ఆ జాబితాలో పేరుండాలంటే ఆ కులంలో, ఆ ఊళ్లలో మగవాడిగా పుట్టాలి. ఆడవాళ్లకి చీటీ లేదు. ఇదే సరస్సులో చేత్తో తడుముకుంటూ రొయ్యలు పట్టే గిరిజనులకీ లేదు. తర్వాతి కాలంలో పక్క ఊళ్లవాళ్లు మాకూ వంతు కావాలని పోట్లాడారు. లోపలివాళ్లకి న్యాయం, బయటివాళ్లకి గోడ. ఆక్సీలో గోడ డబ్బు, ఇక్కడ గోడ పుట్టుక. నాకైతే రెండోదే కష్టంగా కనిపిస్తుంది. డబ్బు అప్పైనా తేవచ్చు, పుట్టుక తేలేం.

మన వైపు సంగతి కూడా చెప్పాలి. ఆంధ్రలో 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పేకాటలని నిషేధించారు. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభాల మీద కేంద్రం 30 శాతం పన్ను వేసింది. 2025లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్స్‌ని దేశమంతా ఆపుతూ చట్టం వచ్చింది. కాబట్టి ఎవరైనా 'ఆడి సంపాదించు' అని లింక్ పంపితే, ముందు ఒక్కటి అడగండి: ఆ డబ్బు ఎవరి జేబులోంచి వస్తోంది? పులికాట్‌లో డబ్బు రొయ్యలోంచి వస్తుంది. రొయ్య సముద్రంలోంచి వస్తుంది.

అదీ ఎప్పుడూ వస్తుందని కాదులెండి. మన వైపు రాయదొరువు ముఖద్వారం ఇసుకతో పూడిపోతోందని మత్స్యకారులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. ఉప్పునీళ్లు లోపలికి రాకపోతే చేపా లేదు, రొయ్యా లేదు. అప్పుడు చీటీలో ఎంత మంచి చోటు వచ్చినా అక్కడ ఉండేది బురదే.

తడ, ఇరకం, వేనాడు, తూపిలిపాళెం వైపు వాళ్లెవరైనా ఇది చూస్తుంటే, మీ ఊళ్లో వంతులు ఎలా వేస్తారో మీ నాయన్నో తాతనో అడిగి నాకు వాయిస్ నోట్ పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో అవే వినిపిస్తా.