కాల్పనిక నగరంలో చోరీ సాహసం: రోల్‌ప్లేయింగ్ ఆటల్లో ప్రణాళిక, సమాచారం, పర్యవసానం

1. విషయ పరిచయం

గట్టి కాపలా ఉన్న చోటి నుంచి ఒక వస్తువునో మనిషినో రహస్యాన్నో ముందే వేసుకున్న పథకం ప్రకారం బయటికి తెచ్చే కథను రోల్‌ప్లేయింగ్ ఆటల్లో చోరీ సాహసం అంటారు. ఈ ఆటల్లో ఒక్కో ఆటగాడు ఒక్కో పాత్ర ధరిస్తాడు. మిగిలిన లోకాన్నంతా గేమ్ మాస్టర్ నడుపుతాడు. ఫలితం ఎటు తేలుతుందో తెలియని చోట పాచికలు తీర్పు చెబుతాయి. గేమ్ మాస్టర్ సత్తాను బాగా పరీక్షించే కథల్లో చోరీ కథ ఒకటి.

ఈ ఆటలు మొదటినుంచీ నేలమాళిగల చుట్టూ పెరిగాయి. నేలమాళిగలో దిగాక, ఒక్కో తలుపూ తెరిచేకొద్దీ లోపల ఏముందో తెలుస్తుంది. అడ్డొచ్చినవాణ్ని చంపితే దారి దొరుకుతుంది. పైకి వచ్చేశాక ఆ చోటుతో మళ్లీ పనిలేదు. చోరీలో ఈ మూడూ తలకిందులవుతాయి. లోపలి సంగతులు అడుగు పెట్టకముందే తెలియాలి. కాపలావాణ్ని చంపడం పథకం బెడిసిందనడానికి గుర్తు. పని ముగిశాక కూడా అదే ఊళ్లో, అదే వీధుల్లో బతకాలి. అందుకే చోరీ కథకు నగరం కావాలి. గేమ్ మాస్టర్ శ్రమ అంతా మూడు విషయాల మీద పెట్టాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన: లక్ష్యస్థలం దినచర్య, సమాచారం దొరికే దారులు, చోరీ తర్వాత నగరం స్పందించే తీరు. లోపలికి ఎలా వెళ్లాలన్న పథకం ఆటగాళ్ల సొత్తు. దాన్ని ముందే రాసి పెడితే ఆట చచ్చిపోతుంది.

2. సాహిత్య నేపథ్యం

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' 1974లో వెలువడింది. మొదటి పుస్తకాల్లో దొంగ పాత్ర లేదు. 1975లో వచ్చిన 'గ్రేహాక్' అనుబంధంలో అది చేరింది. గైగాక్స్ అభిమానించిన రచయితల్లో ఫ్రిట్జ్ లైబర్ ఒకడు. లైబర్ సృష్టించిన ఫాఫర్డ్, గ్రే మౌజర్ అనే జంట తిరిగే లాంక్‌మార్ నగరంలో దొంగలకు ఒక సంఘం ఉంటుంది. అనుమతి లేకుండా దొంగతనం చేసినవాణ్ని ఆ సంఘం వదలదు. దొంగల మీద దొంగల పెత్తనం అనే ఈ ఊహ తర్వాతి ఆటల నగరాల్లో చాలావాటికి పునాది అయింది. 1976లో జడ్జెస్ గిల్డ్ సంస్థ 'సిటీ స్టేట్ ఆఫ్ ది ఇన్విన్సిబుల్ ఓవర్‌లార్డ్' పేరుతో ఒక నగరాన్నే సాహసస్థలంగా ప్రచురించింది. రాబర్ట్ ఆస్‌ప్రిన్ సంపాదకత్వంలో 1979లో మొదలైన 'థీవ్స్ వరల్డ్' కథల సంపుటాలు దొంగల ఊరి జీవితాన్ని పాఠకులకు దగ్గర చేశాయి.

ఇంకో మూలం సినిమా. జూల్స్ డాసిన్ 1955లో తీసిన 'రిఫిఫీ'లో మాటగానీ సంగీతంగానీ లేకుండా దాదాపు అరగంట సాగే చోరీ ఘట్టం ఉంది. మనుషుల్ని కూడగట్టడం, చోటును గమనించడం, పని ముగించడం, ఆ తర్వాత చిక్కుల్లో పడడం అనే వరస ఇలాంటి సినిమాల్లోనే స్థిరపడింది.

భారతీయ సాహిత్యంలో ఈ కథకు వేళ్లు ఇంకా లోతుగా ఉన్నాయి. శూద్రకుడి 'మృచ్ఛకటికం'లో శర్విలకుడు చారుదత్తుడి ఇంటికి కన్నం వేసే ముందు గోడ ఏ పదార్థంతో కట్టారో, ఏ ఆకారపు కన్నం దానికి నప్పుతుందో ఆలోచిస్తాడు. కొలతాడు మరిచిపోయానని తన జంధ్యంతోనే కొలుస్తాడు. దండి 'దశకుమారచరితం'లో అపహారవర్మ చంపానగరంలో కన్నాలకు బయల్దేరేటప్పుడు పట్టుకెళ్లే సామగ్రి జాబితా ఉంది. తవ్వే పనిముట్టు, పట్టకారు, కొలతాడు, మోకు, ముందుగా కన్నంలోకి జొనిపి చూడడానికి కొయ్య తల, దీపాలు ఆర్పడానికి తుమ్మెదల కరండం అందులో కనిపిస్తాయి. ఈ కావ్యాన్ని 13వ శతాబ్దంలో కేతన తెనిగించి తిక్కనకు అంకితమిచ్చాడు. లక్ష్యాన్ని ఎంచడం, సాధనాలు సిద్ధం చేయడం, ఊరి ఐశ్వర్యవంతుల స్వభావం తెలుసుకోవడం అనే మెట్లు నేటి ఆటల్లోనూ అలాగే ఉన్నాయి.

3. లక్ష్యస్థలం: పటమూ దినచర్యా

చోరీకి ఎంచుకున్న చోటు తలుపులూ గదులూ ఉన్న పటంతో పూర్తికాదు. ఎవరు ఎప్పుడు ఎక్కడ ఉంటారన్నది పటమంత ముఖ్యం. కాపలా మారే వేళ, వంటవాళ్లు వచ్చే దొడ్డిదారి, తాళంచెవి మోసే మనిషి, యజమాని ఊళ్లో లేని రోజులు ఆటగాళ్లు పట్టుకోగల కొసలు.

ఇందుకు మంచి నమూనా విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ 2023లో ప్రచురించిన 'కీస్ ఫ్రమ్ ది గోల్డెన్ వాల్ట్'లో ఉంది. ఈ సంపుటిలోని 13 సాహసాలన్నీ చోరీలే. మొదటిదైన 'ది మర్క్‌మైర్ మలెవలెన్స్'లో వార్కెన్‌బ్లఫ్ మ్యూజియం నుంచి ఒక వింత రాయిని తీసుకురావాలి. అది నిజానికి పొదగబోతున్న గుడ్డు. మ్యూజియం పగటిపూట అందరికీ తెరిచే ఉంటుంది కనుక పాత్రలు సందర్శకుల్లా లోపల తిరిగి చూడవచ్చు. ఆ సాయంత్రం జరిగే విందుకు హాజరు కావచ్చు. రాత్రి అసలు పనికి దిగవచ్చు. ఒకే చోటు మూడు వేళల్లో మూడు రకాలుగా కనిపిస్తుంది. పగలు చూసిన గదిని రాత్రి చీకట్లో గుర్తుచేసుకుంటూ నడిచేటప్పుడు ఆటగాళ్లకు తమ పరిశీలన ఫలించిన తృప్తి కలుగుతుంది.

ఈ సంపుటిలోని మరో మెళకువ రెండు పటాలు. గేమ్ మాస్టర్ దగ్గర అసలు పటం ఉంటుంది. ఆటగాళ్లకు ఇచ్చే పటంలో కొన్ని వివరాలు లోపిస్తాయి. పథకం వేయడానికి కావలసిన ఆధారం దొరుకుతుంది, పథకం తప్పే అవకాశమూ మిగిలే ఉంటుంది. పటం అసలే ఇవ్వకపోతే ఆటగాళ్లు ఊహల్లో కొట్టుకుపోతారు. అంతా ఇచ్చేస్తే లోపల ఎదురయ్యే ఆశ్చర్యం పోతుంది.

సమాచారం దొరికే దారులు ఒకటికి మించి ఉండాలి. ఆటగాళ్లు గ్రహించవలసిన ప్రతి ముఖ్య విషయానికీ కనీసం మూడు ఆధారాలు ఉంచాలని రోల్‌ప్లేయింగ్ ఆటల రచయిత జస్టిన్ అలెగ్జాండర్ 2008లో సూత్రీకరించాడు. చోరీ సాహసానికి ఇది చక్కగా సరిపోతుంది. ఉదాహరణకు, ఒక వర్తకుడి ఖజానా తాళంచెవి అతని మెడలోనే ఉంటుందన్న సంగతి పాత పనిమనిషి చెప్పవచ్చు, స్నానశాల దగ్గర పొంచి చూస్తే తెలియవచ్చు, తాళం చేసిన కమ్మరి దగ్గర బయటపడవచ్చు. ఒక దారి మూసుకుపోతే కథ ఆగకూడదు.

4. మంత్రశక్తి తెచ్చే చిక్కులు

మాయలున్న నగరంలో దొంగకూ కాపలాదారుకూ అదనపు ఆయుధాలుంటాయి. అదృశ్యమయ్యే మంత్రం, తలుపు తెరిచే మంత్రం ఉంటే చోరీ చిటికెలో అయిపోతుందని అనిపించవచ్చు. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అయిదో కూర్పు నియమాలు ఈ శక్తులకు హద్దులు గీశాయి. 2014 పుస్తకం ప్రకారం 'నాక్' మంత్రం తాళాన్ని తీస్తుంది గానీ, ఆ చప్పుడు 300 అడుగుల దూరం వినిపిస్తుంది. 'ఇన్విజిబిలిటీ' పొందినవాడు దాడి చేసినా, మరో మంత్రం పఠించినా వెంటనే కనబడిపోతాడు. ఇటు కాపలా వైపు, మొదటి స్థాయి మంత్రమైన 'అలారమ్' ఒక తలుపునో కిటికీనో 8 గంటలపాటు కాస్తుంది. ఎవరైనా దాటితే మైలు దూరంలోపు ఉన్న మాంత్రికుడి మనసుకు తెలిసిపోతుంది.

ఈ హద్దుల వల్లే చోరీ ఆసక్తికరంగా ఉంటుంది. 'నాక్' చప్పుడును కప్పడానికి బయట పెళ్లి ఊరేగింపు వెళ్లే వేళను ఎంచుకోవడం ఆటగాళ్ల తెలివికి వదలాలి. ప్రతి మంత్రానికీ విరుగుడు మంత్రం పెట్టి దారులన్నీ మూసేస్తే, మంత్రాలు నేర్చుకున్న పాత్రకు విలువ ఉండదు. సంపన్నుడి ఖజానాకు ఒకటి రెండు మాయా రక్షణలు చాలు. అవి ఏమిటో ముందే తెలుసుకునే వీలూ ఉండాలి.

5. ప్రణాళిక: రెండు పద్ధతులు

చోరీ సాహసాలు ఎక్కువగా దెబ్బతినేది ప్రణాళిక దగ్గరే. ఆటగాళ్లు గంటల తరబడి తర్జనభర్జన పడతారు, చివరికి మొదటి కాపలావాడి దగ్గరే పాచిక తప్పి పథకమంతా కూలుతుంది. ఈ సమస్యకు ఆటల రూపకర్తలు రెండు మార్గాలు చూపారు.

మొదటిది సంప్రదాయ మార్గం. నిఘా, చర్చ, సన్నాహం ఆటలోనే జరుగుతాయి. ఇందులో గేమ్ మాస్టర్ గడువు పెట్టడం మేలు. విందు మూడో రోజు రాత్రి అని ముందే చెబితే, ఆటగాళ్లు రోజుకో పని ఎంచుకుని కదులుతారు. పథకంలో పెద్ద లోపం ఉంటే, ఆ పాత్రలకు తెలిసి ఉండే సంగతిని గుర్తుచేయడం న్యాయం. ఊళ్లో పుట్టి పెరిగిన దొంగకు ఏ వంతెన దగ్గర తనిఖీ ఉంటుందో తెలియకుండా ఉండదు.

రెండోది జాన్ హార్పర్ రచించిన 'బ్లేడ్స్ ఇన్ ది డార్క్' మార్గం. ఈవిల్ హ్యాట్ సంస్థ దీన్ని 2017లో ప్రచురించింది. ఇందులో దోస్క్‌వోల్ నగరపు నేరముఠాయే కథానాయకత్వం వహిస్తుంది. ఆటగాళ్లు ఆరు రకాల పథకాల్లో ఒకటి ఎంచుకుంటారు: దాడి, మోసం, గుట్టుగా చొరబాటు, మంత్రప్రయోగం, మాటకారితనం, రవాణా. ఒక్కో రకానికి ఒక్క వివరం చెబితే చాలు. గుట్టుగా వెళ్లాలంటే ఎక్కడ చొరబడతారో, మోసమైతే ఏ ఉపాయమో చెప్పాలి. వెంటనే పాచికలు వేస్తారు. అన్నిటికన్నా పెద్ద అంకె 6 అయితే ముఠా పట్టు మీద ఉన్న స్థితిలో కథ మొదలవుతుంది. 4 లేదా 5 అయితే ప్రమాదం పొంచి ఉంటుంది. 3 లేదా అంతకన్నా తక్కువైతే అప్పటికే చిక్కుల్లో పడి ఉంటారు. చర్చ లేకుండా కథ నేరుగా చోరీ మధ్యలోకి దూకుతుంది.

వదిలేసిన సన్నాహం తర్వాత వెనక్కి వస్తుంది. కాపలావాడు ఎదురుపడినప్పుడు, నిన్న సాయంత్రమే వీడికి లంచం ముట్టజెప్పానని ఆటగాడు గతఘట్టాన్ని ప్రవేశపెట్టవచ్చు. అందుకు పాత్ర తన మానసిక ఒత్తిడి గళ్లలో కొన్ని నింపుకోవాలి. మామూలు సంగతికి ఖర్చు ఉండదు, కష్టమైనదానికి ఒకటి, అసాధారణమైనదానికి రెండో అంతకు మించో. ఉన్నవి 9 గళ్లే కనుక ఈ వెసులుబాటును ఆచితూచి వాడుకోవాలి. సామగ్రి విషయంలోనూ ఇదే పద్ధతి. తేలిక, మధ్యస్థం, బరువు అన్నది మాత్రమే ముందు తేల్చుకుంటారు. సంచిలో ఏముందో అవసరం పడినప్పుడు చెబుతారు. అపహారవర్మలా పనిముట్లన్నీ ముందే లెక్కపెట్టుకోనక్కరలేదు.

ఆటగాడి తెలివికి మొదటి పద్ధతి పరీక్ష పెడుతుంది. పాత్ర నేర్పును రెండోది వెలికి తీస్తుంది. గమనించి, లెక్కవేసి, గెలవడంలో ఆనందం పొందే బృందానికి మొదటిది తగినది. సినిమాలోలా ఉత్కంఠ కోరుకునేవాళ్లకు రెండోది. రెంటినీ కలపడమూ సాధ్యమే. నిఘా ఆటలోనే జరిపి, ఒక్కో ఆటగాడికి ఒక్క గతఘట్టం అనుమతిస్తే చర్చ తగ్గుతుంది, పరిశీలన విలువ మిగులుతుంది.

6. ఒక పరిశీలన: వాటర్‌డీప్

ఎడ్ గ్రీన్‌వుడ్ కల్పించిన ఫర్గాటెన్ రెల్మ్స్ లోకంలో వాటర్‌డీప్ పేరుమోసిన రేవు నగరం. ముసుగులు ధరించిన ప్రభువులు దాన్ని పాలిస్తారు. ముఖం చూపే ప్రభువు ఒక్కరే. 2018లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' కోసం వచ్చిన 'వాటర్‌డీప్: డ్రాగన్ హైస్ట్' సాహసంలో పాత ప్రభువు డాగల్ట్ నెవెరెంబర్ అపహరించి దాచిన 5 లక్షల బంగారు నాణేల కోసం ముఠాలు పోటీపడతాయి. నగరపు శిక్షాస్మృతిని కూడా పుస్తకంలో ఇచ్చారు. ఏ నేరానికి ఏ శిక్షో ఆటగాళ్లకు ముందే తెలుస్తుంది. ఏ పాత్ర ఎంత సాహసించాలో తేల్చుకోవడానికి ఇది గొప్ప ఆధారం. నలుగురు ప్రతినాయకుల్లో ఒకరిని గేమ్ మాస్టర్ ఎంచుకుంటాడు. ఎవరిని ఎంచితే వారికి కేటాయించిన ఋతువులో కథ జరుగుతుంది.

అయితే పుస్తకం పేరులో ఉన్న చోరీ కథలో బలంగా లేదు. నలుగురి స్థావరాలనూ వివరంగా చిత్రించినా, ఆటగాళ్లు వాటిలోకి చొరబడవలసిన అవసరం కథలో గట్టిగా ఏర్పడదు. కథలో ఎక్కువ భాగం నిధి జాడ చెప్పే రాయి వెంట పరుగుతో గడుస్తుంది. చేతికి అందినట్టే అంది జారిపోయే ఘట్టాలు ముందే రాసి ఉండడంతో ఆటగాళ్ల పథకాలకు చోటు తగ్గుతుంది. జస్టిన్ అలెగ్జాండర్ ఈ సాహసాన్ని పునర్నిర్మించినప్పుడు నలుగురు ప్రతినాయకులనూ ఒకేసారి రంగంలోకి దించి, వాళ్ల స్థావరాలనే చోరీ లక్ష్యాలుగా మార్చాడు. మొదటి భాగంలో ప్రతిపాదించినదానికి ఈ మార్పు నిదర్శనం. స్థలాలు సిద్ధంగా ఉంచి, దారి ఎంచుకునే పని ఆటగాళ్లకు వదిలితే చోరీ నిజంగా చోరీ అవుతుంది.

7. పర్యవసానం

చోరీకి తర్వాతి రోజు ఉండాలి. దోస్క్‌వోల్‌లో ఇది నియమంగానే ఉంది. గుట్టుగా పని ముగిస్తే పోలీసుల దృష్టి పడదు. గొడవ పెరిగేకొద్దీ 'హీట్' అనే లెక్క పెరుగుతుంది. 9 గళ్లు నిండితే ముఠా వాంటెడ్ స్థాయి ఒక మెట్టు ఎక్కుతుంది. ముఠా నేరాలకు ఎవరో ఒకరు ఐరన్‌హుక్ జైలుకు వెళ్తేనే అది దిగుతుంది. నగరంలో ఎవరైనా చనిపోతే శ్మశానవాటిక గంట దానంతటదే మోగుతుంది, శవం ఉన్న చోటికి ఒక మాయా కాకి ఎగిరి వెళ్తుంది. హత్యను దాచడం ఎంత కష్టమో ఆ గంట ఒక్కటే చెబుతుంది. కత్తి దూసే ముందు ఆటగాళ్లు రెండుసార్లు ఆలోచిస్తారు.

'డంజన్స్ అండ్ డ్రాగన్స్' నగరాల్లో ఇంత లెక్క లేకపోయినా, ఉన్న మంత్రాలే ఆ పని చేయగలవు. 'స్పీక్ విత్ డెడ్' మంత్రంతో శవాన్ని అయిదు ప్రశ్నలు అడగవచ్చు. అందుకే చంపిన సాక్షి కూడా సాక్షిగానే మిగులుతాడు. గేమ్ మాస్టర్ ప్రతి చోరీ తర్వాత మూడు ప్రశ్నలకు జవాబు రాసుకుంటే చాలు: సొత్తు పోయిందని యజమానికి ఎప్పుడు తెలిసింది? అతను ఎవరిని అనుమానించాడు? దొంగసొత్తును ఊళ్లో కొనేవాడెవడు, అతను ఎంతవరకు నోరు మూసుకుంటాడు? తర్వాతి సాహసం ఈ జవాబుల్లోంచే పుడుతుంది.

8. ఫలితాంశాలు

చోరీ సాహసంలో ఉత్కంఠ సమాచారం మీద ఆధారపడుతుంది. తెలిసినదానికీ తెలియనిదానికీ మధ్య ఉండే దూరాన్ని గేమ్ మాస్టర్ జాగ్రత్తగా కొలిచి ఉంచాలి. అందుకు స్థలానికి పటంతోపాటు దినచర్య రాయడం, ప్రతి కీలక విషయానికీ పలు దారులు తెరవడం, మాయలకు విరుగుడుకన్నా మూల్యం పెట్టడం, ప్రణాళికకు గడువో గతఘట్టమో ఇవ్వడం, పర్యవసానాన్ని నగరం చేత పలికించడం అవసరం. ఈ అయిదూ సమకూరితే, ఏ పథకంతో వచ్చినా ఆటగాళ్లకు తగిన సవాలు ఆ నగరంలో సిద్ధంగా ఉంటుంది.