బెణికిన కాలు: పుత్తూరు కట్టు నుంచి బెంగళూరు దాకా



కాలు బెణకని మనిషి ఉంటాడా? గట్టు మీద నడుస్తుంటే మట్టిపెళ్ల జారుతుంది, బస్సు దిగుతుంటే గుంతలో అడుగు పడుతుంది, పాదం లోపలికి మడత పడుతుంది. చీలమండ వెలుపలి వైపు క్షణాల్లో గుమ్మడికాయలా వాస్తుంది. చింతపండు, ఉప్పు ఉడికించి పట్టు వేస్తారు. మరికొందరు మూసాంబరం నూరి కోడిగుడ్డు సొనతో కలిపి పూస్తారు. నాలుగు రోజులకు వాపు తీస్తుంది. నొప్పి తగ్గింది కదా అని పనిలోకి దిగుతారు. రెండు నెలల్లో అదే కాలు, అదే చోట మళ్లీ బెణుకుతుంది. ఇలా మూడు నాలుగుసార్లు జరిగినవాళ్లు మీ ఇంట్లోనే ఉండి ఉంటారు. వాపు తీయడం వేరు, కాలికి మళ్లీ బలం రావడం వేరు. ఈ తేడాను వైద్యులు ఎప్పుడు, ఎలా గుర్తించారన్నదే ఈనాటి ప్రసంగం.

మన సరిహద్దు జిల్లాలవాళ్లకు ఎముక, కీలు అనగానే గుర్తొచ్చే ఊరు పుత్తూరు. పూర్వపు చిత్తూరు జిల్లాలోని ఆ పుత్తూరు పక్కన రాచపాళెం ఉంది. అక్కడి రాజుల కుటుంబాలు తరతరాలుగా కట్టు కడుతున్నాయి. వేటలో దొరికిన కుందేలు విరిగిన కాలికి ఆకులు చుట్టగా అది అతుక్కుందనీ, అక్కడి నుంచే ఈ విద్య మొదలైందనీ ఆ ప్రాంతంలో ఒక కథ చెప్పుకుంటారు. కథ సంగతి ఎలా ఉన్నా ఆకుపసరు, గుడ్డుసొన, వెదురు బద్దలు, గుడ్డపట్టీ మాత్రం నిజం. కర్ణాటక నుంచి, తమిళనాడు నుంచి జనం వెళ్తూనే ఉన్నారు. ఆ పేరు బెంగళూరు దాకా పాకింది. నగరంలో పుత్తూరు కట్టు అని బోర్డు పెట్టిన దుకాణాలు మీరు చూసే ఉంటారు. అవన్నీ ఆ ఊరివాళ్లవే అనుకోవడానికి మాత్రం లేదు.

కట్టును తీసిపారేయాల్సిన పని లేదు. విరిగిన ఎముకను కదలకుండా పట్టి ఉంచాలన్నది ఆసుపత్రి పిండికట్టుకు కూడా మూలసూత్రమే. చిక్కల్లా బెణుకు దగ్గర వస్తుంది. బెణుకులో ఎముక విరగదు. ఎముకకూ ఎముకకూ మధ్య నారల్లా ఉండే లిగమెంట్లు సాగుతాయి, కొన్నిసార్లు తెగుతాయి. చీలమండ వెలుపలి వైపు ముందు భాగాన ఉండే లిగమెంటుకే ఎక్కువసార్లు దెబ్బ తగులుతుంది. దీన్ని కూడా విరిగిన ఎముకలాగే వారాల తరబడి బిగించి ఉంచితే పిక్క కండరం చిక్కిపోతుంది, కీలు పట్టేస్తుంది. తీవ్రమైన బెణుక్కి ఆరు వారాల పిండికట్టు వేయడం పడమటి దేశాల పెద్ద ఆసుపత్రుల్లో కూడా మామూలుగానే ఉండేది. కాబట్టి తప్పంతా నాటువైద్యుడిదే అనడం న్యాయం కాదు.

మలుపు 1965లో వచ్చింది. ఇంగ్లండులో ఫ్రీమన్ అనే ఎముకల శస్త్రవైద్యుడు తన సహచరులతో కలిసి ఒక ప్రశ్న వేశాడు. లిగమెంటు మానిన తర్వాత కూడా, నడుస్తుంటే కాలు ఉన్నట్టుండి జారిపోతోందని రోగులు ఎందుకు అంటున్నారు? ఆయన ఊహ ఇది. లిగమెంటు వట్టి తాడు కాదు. అందులో సన్నని నరాల కొసలుంటాయి. పాదం ఎటు వాలుతోందో అవి ఎప్పటికప్పుడు కబురు పంపుతుంటాయి. లిగమెంటుతో పాటు అవీ తెగితే ఆ కబురు ఆలస్యమవుతుంది, కండరం సమయానికి బిగుసుకోదు. కాలు మళ్లీ మడత పడుతుంది. దీనికి ఆయన వాడిన సాధనం చూస్తే నవ్వొస్తుంది. అడుగున గుండ్రంగా చెక్కిన ఒక పలక, దానిమీద ఒంటికాలిపై నిలబడి తూకం నిలుపుకోవాలి. అలా సాధన చేసినవాళ్లలో కాలు జారే బాధ చాలామందికి తగ్గిందని ఆయన గమనించాడు. నరాల గురించి ఆయన చెప్పిన వివరణ మీద తర్వాతివాళ్లు వాదించారు, సవరించారు. పలక మాత్రం నిలిచింది. ఇవాళ ఏ ఫిజియోథెరపీ గదిలో చూసినా అది కనిపిస్తుంది.

1991లో కానుస్, రెన్‌స్ట్రామ్ అనే ఇద్దరు వైద్యులు అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ ముందు పెట్టుకుని చూశారు. ఆపరేషన్, పిండికట్టు, పట్టీ వేసి త్వరగా కదిలించడం, ఈ మూడింటిలో చాలామందికి మూడోదే మేలని తేల్చారు. ఐసు సంగతి కూడా చెప్పాలి. విశ్రాంతి, ఐసు, పట్టీ, కాలు ఎత్తి పెట్టడం అనే నాలుగు మాటల సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చింది అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్. పూర్తి విశ్రాంతి, ఐసు కోలుకోవడాన్ని ఆలస్యం చేయవచ్చని కొన్ని దశాబ్దాల తర్వాత ఆయనే రాశాడు. ఐసు మొదటి రోజుల్లో నొప్పి తగ్గిస్తుంది, అంతవరకే. కాలికి బలం ఇచ్చేది ఐసు కాదు.

అది బెణుకా, ఎముక విరిగిందా అన్నది ఇంట్లో ఎలా తెలుస్తుందని మీరడగవచ్చు. 1992లో కెనడాలోని ఒటావా వైద్యులు దీనికి తేలిక గుర్తులు చెప్పారు. నాలుగడుగులు కూడా వేయలేకపోయినా, చీలమండ గుబ్బల వెనుక అంచున గానీ కొసన గానీ ఎముక మీద నొక్కితే నొప్పి పుట్టినా ఎక్స్‌రే తీయించాలి. పాదం వెలుపలి అంచున చిటికెనవేలి ఎముక మొదట్లో నొక్కి చూడాలి, లోపలి వైపు పాదం వంపు పైన ఉన్న ఎముక మీద కూడా నొక్కి చూడాలి. అక్కడ నొప్పి ఉన్నా అంతే. దెబ్బ బయటికి కనిపించని నొప్పి కూడా ఉంటుంది. 2022 ఆగస్టులో మన పి.వి.సింధు బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ పోటీల్లో ఎడమ పాదం నొప్పితోనే ఆడి బంగారు పతకం గెలిచింది. తర్వాత చూస్తే అది ఎముకలో సన్నని చీలిక. ఆ నెలలోనే జరిగిన ప్రపంచ పోటీలకు వెళ్లలేదు, 2023 జనవరిలో గానీ మళ్లీ కోర్టులో దిగలేదు. చీలికకు విశ్రాంతి కావాలి, బెణుకుకు కదలిక కావాలి. ఒకదాని మందు మరొకదానికి పనికిరాదు.

ఇక బెంగళూరు సంగతి. ఆటగాళ్లు కాళ్లు బాగుచేసుకునే ఊరుగా దానికి పేరు రావడం ఒక్కరోజులో జరగలేదు. ప్రకాశ్ పదుకొణె బ్యాడ్మింటన్ అకాడెమీ అక్కడ 1994లో మొదలైంది. అదే సంవత్సరం పుణె జాతీయ క్రీడల్లో మోకాలి లిగమెంటు తెగిన మన పుల్లెల గోపీచంద్ తర్వాత బెంగళూరులో సాధన చేసి, 2001 మార్చిలో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. అది మోకాలు, మనది చీలమండ, నిజమే. అయినా తెగిన కాలు మళ్లీ ఎగరగలదని మన తెలుగు పిల్లలకు కళ్లారా చూపించింది ఆయనే. 2000లో చిన్నస్వామి స్టేడియంలో జాతీయ క్రికెట్ అకాడెమీ ఏర్పడింది. 2021 డిసెంబరులో దాని బాధ్యతలు హైదరాబాదీ వి.వి.ఎస్.లక్ష్మణ్ తీసుకున్నారు. 2024 సెప్టెంబరులో అది విమానాశ్రయం వైపు కొత్త ఆవరణకు మారింది.

2023 అక్టోబరు 19న పుణెలో బంగ్లాదేశ్‌తో ప్రపంచ కప్పు ఆట జరుగుతోంది. బంతి వేసి, తిరిగొచ్చిన దాన్ని కాలితో ఆపబోయి హార్దిక్ పాండ్యా ఎడమ చీలమండ మెలితిప్పుకున్నాడు. నేరుగా బెంగళూరు అకాడెమీకి పంపారు. కొద్ది రోజుల్లో తిరిగి వస్తాడని అందరం ఎదురుచూశాం. నవంబరు 4న అతను మొత్తం కప్పుకే దూరమయ్యాడని ప్రకటించారు. పెద్ద పోటీల్లో మళ్లీ కనిపించింది 2024 మార్చిలో, ఐ.పి.ఎల్.లో. దేశంలోని మేటి వైద్యులు, పరికరాలు అందుబాటులో ఉండీ అయిదు నెలలు పట్టింది. ఆ జూన్ 29న బార్బడోస్‌లో ప్రపంచ కప్పు ఫైనల్ చివరి ఓవర్ వేసింది ఆ కాలితోనే.

ఇప్పుడు అదే బెంగళూరులో మరో మనిషిని తలుచుకోండి. అనంతపురం నుంచో, పాలమూరు నుంచో వచ్చి కట్టడాల దగ్గర ఇటుకలు మోసే కూలీ. అతనికి అయిదు నెలలు ఎవరిస్తారు? మూడో రోజే మెట్లెక్కాలి. బెణుకు మళ్లీ మళ్లీ తిరగబెట్టేది ఇలాంటివాళ్లకే. అకాడెమీలో చేయించే పనిలో మొదటి సగానికి ఖర్చు లేదన్న సంగతి వాళ్లకెవరూ చెప్పరు.

ఎక్స్‌రే అవసరం లేదని తేలాక రెండో మూడో రోజు నుంచే పడుకుని బొటనవేలితో గాలిలో అక్షరాలు దిద్దండి, అ ఆలు చాలు. అడుగు మోపగలిగితే కొద్దికొద్దిగా నడవండి. నడిచాక వాపు పెరిగితే మరుసటి రోజు తగ్గించండి. తర్వాత పాత సైకిలు ట్యూబు ముక్కను మంచం కోడుకు కట్టి, పాదానికి తగిలించి వెలుపలి వైపుకు లాగండి. చీలమండను కాపాడే పిక్క వెలుపలి కండరాలకు బలం వచ్చేది దానితోనే. గోడ పట్టుకుని మడమలు ఎత్తండి. మొదట రెండు కాళ్లతో, తర్వాత బెణికిన కాలితో ఒక్కదానితో. ఆపైన ఫ్రీమన్ పలక. పలక లేకపోతే పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడండి, పక్కన గోడ ఉండేలా చూసుకుని కళ్లు మూసి ప్రయత్నించండి. బాగున్న కాలు ఎంతసేపు నిలుస్తుందో, బెణికిన కాలు అంతసేపు నిలిచే వరకు బరువు ఎత్తడం, పరుగెత్తడం వద్దు. చిన్న బెణుకైతే రెండు మూడు వారాలు, పెద్దదైతే రెండు మూడు నెలలు పట్టవచ్చు. ఆ రోజుల్లో పనికి వెళ్లక తప్పనివాళ్లు మందుల దుకాణంలో దొరికే చీలమండ పట్టీని తాళ్ల బూటు లోపల బిగించుకుని వెళ్లండి, రాత్రి పడుకునేటప్పుడు తీసేయండి. పుత్తూరు వెళ్లి వచ్చినవాళ్లు కట్టు విప్పే రోజునే ఈ సాధన మొదలుపెట్టవచ్చా అని దగ్గరి ఫిజియోథెరపిస్టుకు చూపించి అడగండి.