చిరు వ్యాపారాలలో జ్ఞాన ఉత్పత్తుల ధర నిర్ణయం

రచన, బోధన, సలహా రూపంలోని జ్ఞానాన్ని అమ్మకానికి అనువుగా మలచినప్పుడు దానిని జ్ఞాన ఉత్పత్తి అంటారు. పోటీ పరీక్షల గైడ్లు, శిక్షణ తరగతులు, వీడియో పాఠాలు, ఈ-పుస్తకాలు ఇందుకు ఉదాహరణలు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాలోని నరసరావుపేట, మాచర్ల, గురజాల వంటి పట్టణాలలో కొనుగోలుదారులు పరిమితం కనుక ఇటువంటి వ్యాపారానికి ధర నిర్ణయం కీలకమైనది.

'''ప్రత్యేకత'''

ఈ ఉత్పత్తులలో ఖర్చు ఎక్కువగా తొలి ప్రతి తయారీకే అవుతుంది. వీడియో పాఠానికి తరువాతి ప్రతుల ఖర్చు దాదాపు శూన్యం. అందువలన ఒక్కొక్క ప్రతి ఖర్చుపై కొంత లాభం కలిపి ధర కడితే తొలి శ్రమకు ప్రతిఫలం దక్కదు. అమెరికా ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో 1962లో మరొక చిక్కును వివరించాడు: సమాచారం తెలియనిదే కొనేవాడు దాని విలువ కట్టలేడు, తెలిసిన తరువాత కొనవలసిన అవసరమే ఉండదు. మాదిరి పుటలు, ఉచిత తొలి పాఠం ఈ చిక్కుకు పరిష్కారాలుగా వాడుకలో ఉన్నాయి.

'''లెక్కింపు'''

ఉదాహరణకు, ఒక గైడ్ రచనకు, పేజీల కూర్పుకు 60,000 రూపాయలు, ప్రతి ముద్రణకు 40 రూపాయలు ఖర్చు, దుకాణదారు కమీషన్ 25 శాతం అనుకుందాం.
* ధర 120 రూపాయలైతే ప్రతికి 50 రూపాయలు మిగులుతాయి. 1,200 ప్రతులు అమ్మితే పెట్టుబడి తిరిగివస్తుంది.
* ధర 160 రూపాయలైతే 80 మిగులుతాయి. 750 ప్రతులు చాలు.

ధర మరీ పెంచితే విద్యార్థులు జిరాక్సు ప్రతులను ఆశ్రయిస్తారు; మరీ తగ్గిస్తే, సిలబస్ మారినప్పుడు పుస్తకాన్ని సవరించడానికి సొమ్ము మిగలదు.

'''తెలుగునాట పూర్వానుభవం'''

1906లో హైదరాబాదులో కొమర్రాజు వెంకట లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి చందాదారుల ఆధారంగా గ్రంథాలు ప్రచురించింది. తరువాతి కాలంలో ఎమెస్కో సంస్థ ఒక పథకం ద్వారా సభ్యులకు చౌక ధరకు పుస్తకాలు అందించింది. ముందుగా తెలిసిన పాఠకుల సంఖ్య ప్రచురణకర్త నష్టభయాన్ని తగ్గిస్తుంది.

'''పన్ను, చట్టం'''

ముద్రిత పుస్తకాలపై జీఎస్టీ లేదు. శిక్షణ రుసుముపై 18 శాతం ఉంది. సేవల వ్యాపారంలో వార్షిక టర్నోవరు 20 లక్షల రూపాయలు దాటితే సాధారణంగా నమోదు తప్పనిసరి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణానంతరం 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. అయితే బోధన అవసరాలకు తీసే జిరాక్సు ప్రతులకు మినహాయింపు వర్తించగలదని 2016లో ఢిల్లీ హైకోర్టు తీర్పునిచ్చింది.

'''స్థానిక పరిస్థితి'''

పల్నాడులో మిర్చి, పత్తి ముఖ్యమైన వాణిజ్య పంటలు. విద్యాసంవత్సరం జూన్‌లో ఆరంభమవుతుంది. మిర్చి పంట మాత్రం సుమారుగా జనవరి నుండి ఏప్రిల్ వరకు చేతికి వస్తుంది. కనుక రైతు కుటుంబాల విద్యార్థులకు మొత్తం తగ్గించడం కంటె రుసుమును వాయిదాలలో తీసుకోవడం ఎక్కువ ఉపయోగపడవచ్చు.