మాట వెనుక కథ: ప్యాచ్

గోదావరిఖనిలో జానపద పాటకు కీబోర్డు వాయించేవాళ్ల నోట "ఆ ప్యాచ్ వద్దు, వేరేది పెట్టు" అన్న మాట సహజం. ఇక్కడ ప్యాచ్ అంటే అతుకు కాదు, ఒక నాదం. మాట పుట్టింది తీగల్లోంచి. 1964లో రాబర్ట్ మూగ్ తెచ్చిన మాడ్యులర్ సింథసైజర్‌లో విడి భాగాలను ప్యాచ్ తీగలతో కలిపేవారు. తీగ మార్చి గుచ్చితే నాదమే మారేది. ఆ కూర్పే ప్యాచ్. 1970లో మినీమూగ్ అనే చిన్న సింథసైజర్‌తో బయటి తీగలు పోయాయి, మాట నిలిచింది. 2003లో ఆర్టూరియా అనే సంస్థ సాఫ్ట్‌వేర్‌గా తెచ్చిన మూగ్ మాడ్యులర్‌లో తీగలు మళ్లీ వచ్చాయి: మౌస్‌తో లాగితే తెర మీద వేలాడతాయి. సింగరేణి క్వార్టర్‌లో లాప్‌టాప్‌తో పాట కట్టుకునే పిల్లలకు ఇది వరమే. డప్పుకు మాత్రం ప్యాచ్ వాడితే నా మనసొప్పదు. దాన్ని కాచి, మైకు ముందు మోగించాల్సిందే.