కంట్రోల్ బియ్యం రాకముందు

కూసో బిడ్డా. ఆ ఫోను జర పక్కకు పెట్టు. నా ముచ్చట చాయ చల్లారేలోపు ఒడిసేది కాదని నీకెరుకే గద.

మా పాలమూరు దిక్కు నా చిన్నతనంల బువ్వ అంటే పండుగకో, చుట్టమొస్తేనో, పానం బాగలేకుంటేనో. మిగిలిన దినాలన్ని జొన్నలే. పొద్దుగాల అంబలి, పగటికి రొట్టె, మాపటికి గటక. కైకిలి సుత జొన్నలల్లనే. పొద్దుందాక కలుపు తీస్తే కొంగుల మానికతోని కొలిచి పోసేటోళ్లు. మానిక మీద రాశివోసి ఇయ్యాలని ఆడోళ్లు, అంచుకు సమంగ చేత్తోని రాసి ఇస్తానని పటేలు, దినాం అదే పంచాది.

గొప్పలకు మాత్రం తక్కువ లేకుండె. మా వాడల ఒకాయన గటక తిని, మీసాలకు రెండు బువ్వ మెతుకులు అంటించుకొని అరుగు మీద కూసుండేటోడు. తినేతందుకు తిండి లేదు గని మీసాలకు సంపెంగనూనె! ఆ మెతుకులు ఎవరింట్ల అడుక్కొచ్చిండో వాడంతటికి ఎరుకే. మాకెరుకని ఆయనకే ఎరుక లేకుండె.

నువ్వు నవ్వుతున్నవ్ గని, ఇప్పుడు సూటేసుకున్నోళ్లు పెండ్లి విందుల జొన్నరొట్టె కాడ పళ్లెం పట్టుకొని వరుస కడ్తలేరా? రొట్టె చేసుడంటే ఆషామాషీ గాదు. మసిలిన నీళ్లు పిండిల పోసి, చెయ్యి కాలంగనే పిసుకాలె. పీట మీద అరచెయ్యితోని కొడ్తుంటే రొట్టె దానంతటదే తిరుగాలె. పెంక మీద ఏసినంక పైన నీళ్ల చెయ్యి తుడువాలె. పిండి పాతదైతే అంచులు పగులుతయి, మా అమ్మ తిట్లు మొదలైతయి. సరే, రొట్టె ముచ్చట్ల వడితే తెల్లారుతది. అసలు సంగతికొస్త.

ఆ తిండి అమృతమని నీ ఫోన్ల ఎవరో చెప్పిండ్రంటివి. అంత లేదు బిడ్డా. ఉత్త జొన్నల మీదనే బతికిన బీదోళ్లకు మెడ చుట్టు, చేతుల మీద, ఎండ తగిలిన కాడల్ల తోలు నల్లగై పొట్టు లేచేది. విరేచనాలయ్యేటివి, కొందరికి మతి చెడేది. పెల్లాగ్రా అంటరు దాన్ని. నయాసిన్ అనే బి విటమిన్ తక్కువైతే వస్తది. తార్నాకల జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది సూడు, అక్కడి గోపాలన్ డాక్టరు, ఆయన తోటోళ్లు, జొన్నల లూసిన్ ఎక్కువుండి ఆ విటమిన్‌ను ఒంటికి అందనిస్తలేదని 1960 సంవత్సరంల చెప్పిండ్రు. అటు కోస్తా దిక్కు మరపట్టిన తెల్లబియ్యమే తిన్నోళ్లకు బెరిబెరి వచ్చేది. తవుడుతోని బి1 విటమిన్ కొట్టుకపోతుండె. తప్పు జొన్నది గాదు, బియ్యంది గాదు. ఒక్కదాన్నే నమ్ముకొని తినుడు తప్పు.

మరి అందరికెందుకు రాలేదంటవా? కలిగినోళ్లకు పాలు, పెరుగు ఉండె. మా అసుంటోళ్లను చేను కాపాడింది. జొన్న సాళ్ల నడుమ కంది, పెసర, అనుము ఉండేటివి. గట్ల పొంటి గునుగు, దొగ్గలి, గంగవాయిలి కూర పైస లేకుంట దొరికేది.

1983ల రామారావు సర్కారు కిలో రెండు రూపాల బియ్యం పెట్టింది. తెల్లారకముందే కంట్రోల్ దుకాణం ముంగట సంచుల వరుస. ఆకలి రుచెరుగదు, దొడ్డుబియ్యమే పరమాన్నం మాకు. ఆకలి తగ్గింది, అది చిన్న సంగతి గాదు. జొన్నలు తగ్గినకొద్ది పెల్లాగ్రా సుత చానా తగ్గింది.

గని బోర్లు వడి వరి పెరిగినంక జొన్న పొయ్యింది, దానెంబడి కంది సుత పొయ్యింది. దేశం మొత్తంల 1961ల మనిషికి దినానికి 69 గ్రాముల పప్పు అందుబాట్ల ఉంటే, 2000 నాటికి 32కు దిగింది. పళ్లెంల బువ్వ పెరిగింది, పప్పు పల్చగైంది.

ఇప్పుడు బువ్వ సుత తగ్గుతున్నది. ఊర్లల్ల మనిషి 1993-94ల నెలకు 13 కిలోల పైన గింజలు తింటే, 2022-23ల పది కిలోల లోపే. అదే ఏడు లెక్కల్ల పల్లెటూరోళ్ల తిండి ఖర్చు మొదటిసారి మొత్తం ఖర్చుల సగానికి లోపు దిగింది. ఆ తిండి ఖర్చుల అన్నిటికంటె పెద్ద వాటా దేనిదనుకున్నవ్? పాలది గాదు, కూరగాయలది గాదు. చాయలు, కూల్‌డ్రింకులు, పొట్లాలు, బయటి తిండిది.

2023ను లోకమంత చిరుధాన్యాల సంవత్సరమని చేసుకున్నది. 2025 ఉగాది నుంచి తెలంగాణల కంట్రోల్ దుకాణంలనే సన్నబియ్యం ఇస్తున్నరు. దొరల తిండి కంట్రోల్‌కు వచ్చింది, కూలోళ్ల తిండి అద్దాల దుకాణంకు వొయ్యింది. బియ్యం తింటవో జొన్న తింటవో నీ ఇష్టం బిడ్డా. పక్కన పప్పు, ఆకుకూర, ఇంత పెరుగు ఉన్నయా లేదా అన్నదే నేనడిగేది.

అన్నట్టు, నా కోసం మిల్లెట్ బిస్కెట్లని తెచ్చినవ్ గద, ఆ పొట్లం వెనుక సన్నక్షరాల్ల ఏమున్నదో జర చదువు. నాకు కండ్లు ఆనవు. ఏందీ, మొదటి పేరే మైదపిండా?