ఫాదర్ల బడి, మన పంతులు బడి



మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక, అందరూ బయటికి పోతుండగా ఒక అవ్వ గుమ్మం దగ్గర ఆగింది. ఆమె కొడుకూ కోడలూ బేల్దారి పనికి హైదరాబాదు వలస పోయారు. ఆరేళ్ల మనవడు ఆమె దగ్గరే పెరుగుతున్నాడు. "అయ్యగారూ, పిల్లోణ్ణి ఫాదర్ల బడిలో ఏద్దామనుకుంటున్నాం. ఆడ మరియమ్మ కాడ దండం పెట్టిస్తారంట గదా. మనం బాప్టిస్టులం. తప్పేమన్నా అవుతుందా?" అని అడిగింది.

మేము వెంటనే జవాబు చెప్పలేదు. "వచ్చే ఆదివారం చెప్తాం అవ్వా" అన్నాం. అవును, కాదు అని ఒక్క మాటలో తేల్చేస్తే ఆమె ప్రశ్నకు న్యాయం చేసినట్టు కాదు. దాని వెనుక మన ప్రాంతపు నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రను ఈ వారం మీ అందరి ముందు పెట్టాలనుకుంటున్నాం.

మేము చదివిన బడి

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. మేము కూడా ఐదో తరగతి దాకా ఆర్‌.సి.ఎం. ప్రాథమిక పాఠశాలలోనే చదివాం. అది రెండు గదుల బడి, ముందు వేపచెట్టు, చెట్టుకు వేలాడే ఇనప పట్టా గంట. ఆ బడిలో ఒక్కో రోజుకు ఒక్కో పని ఉండేది. సోమవారం ప్రార్థన అయ్యాక ఐదో తరగతి పిల్లల్లో ఒకరు ముందుకొచ్చి వార్తలు చదవాలి. రేడియోలో విన్నవి రెండు చెబితే చాలు. ఆ తర్వాత సిస్టర్ గారు అడిగేవారు: "మీ పల్లెల్లో ఈ వారం ఏం జరిగింది?" ఎవరి గేదె చచ్చిపోయింది, ఎవరికి జ్వరం, ఎవరింట్లో పాప పుట్టింది, ఎవరు వలస పోయారు, అన్నీ చెప్పేవాళ్లం. ఆమె వాటిని బోర్డు పక్కన సుద్దతో రాసేవారు. వారమంతా పొద్దుటి ప్రార్థనలో ఆ పేర్లే వినబడేవి. శనివారం సాయంత్రం తుడిచేసేవారు.

మధ్యాహ్నం గంట కొట్టగానే కథోలిక పిల్లలు లేచి త్రికాల జపం చెప్పేవారు. మేము మౌనంగా నిలబడేవాళ్లం. మొదటి శుక్రవారం వాళ్లు పూజకు వెళ్లేవారు. తపస్సు కాలంలో శుక్రవారాలు సిలువ మార్గం, అక్టోబరు నెలంతా జపమాల. వాళ్లకు సత్యోపదేశం జరిగే గంటలో మిగిలిన పిల్లలకు పక్క గదిలో నీతి పాఠం. బలవంతం మేమెన్నడూ చూడలేదు.

ఒక సోమవారం, మా పల్లెలో ఒకాయన బావి లోతు తీస్తుండగా రాయి పడి కాలు విరిగిందని మేమే వార్త చెప్పాం. ఆ సాయంత్రమే సిస్టర్ గారు నడుచుకుంటూ ఆయన ఇంటికి వచ్చారు. ఆయన కథోలికుడు కాదు, క్రైస్తవుడే కాదు. పిల్లలు చెప్పిన వార్త ఒక మనిషిని ఒక ఇంటి గడప దాకా నడిపించగలదని మాకు ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత సెమినరీలో కాపరి పరిచర్య గురించి ఎన్నో పాఠాలు విన్నాం. మొదటి పాఠం మాత్రం ఆ వేపచెట్టు కింద విన్నదే.

మన పంతులు బడి

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మన సంఘాలకు మొదట గుడి ఉండేదా, బడి ఉండేదా?

1866 సెప్టెంబరులో జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. అదే నెలలో, ఒంగోలుకు నలభై మైళ్ల దూరంలోని తాళ్లకొండపాడులో 28 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లను సిద్ధపరచినవాడు యర్రగుంట్ల పేరయ్య గారు. తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ పెద్ద ఆయన. మన సువార్తకు మొదటి పంతులు ఆయనే అని మేము అంటాం.

ఆ రోజుల్లోనే ఒంగోలులో ఒక పరీక్ష వచ్చింది. దొరగారి బడికి పై కులాల పిల్లలు వస్తున్నారు. పట్టణంలోని పెద్దలూ సుముఖంగా ఉన్నారు. సరిగ్గా అప్పుడే మాదిగ పల్లెల నుంచి విశ్వాసులు వచ్చి మమ్మల్ని చేర్చుకోండి అన్నారు. వీళ్లను చేర్చుకుంటే వాళ్లు వెళ్లిపోతారు. ఏం చేయాలో తెలియక దొరగారు ఒక గదిలో, దొరసాని గారు వేరొక గదిలో బైబిలు తెరిచారు. ఇద్దరికీ ఒకే వాక్యభాగం దొరికింది: 1 కొరింథీయులకు 1:26 నుండి 29. లోకం నీచంగా చూసినవారిని దేవుడు ఏరుకున్నాడని పౌలు చెప్పే మాటలవి. వాళ్లు మాదిగలను చేర్చుకున్నారు. పై కులాల పిల్లలు బడి విడిచి వెళ్లిపోయారు.

ఈ కథ మనం ఎన్నోసార్లు విన్నాం. అయితే ఒక సంగతి గమనించండి. ఆ నిర్ణయానికి వెల చెల్లించింది బడే. గుడి తలుపు ఎవరికి తెరవాలన్న ప్రశ్న ముందుగా బడి బెంచీల మీద తేలింది.

కొత్త విశ్వాసులకు దొరగారు మూడు నియమాలు పెట్టారు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఇవాళ ఆదివారం సెలవు అంటే మనకు మామూలు మాట. అప్పట్లో వెట్టి చేసే మాదిగవాడు ఏడు రోజులకొకసారి "నేడు నేను రాను" అని రైతుతో అనడం చిన్న విషయం కాదు. ఆ ఒక్క మాటకు దెబ్బలు తిన్నవారున్నారు, కూలి పోగొట్టుకున్నవారున్నారు. మనకు వారం అనే లెక్క ఆ కష్టంలో నుంచి వచ్చింది. ఏడో రోజు తనది కాదు, దేవునిది అని చెప్పగలిగినప్పుడే మిగతా ఆరు రోజులు కూడా తాను ఎవరికో బానిసగా గడిపే రోజులు కావని ఆ మనిషికి తెలిసింది.

తర్వాత 1876 నుంచి 1878 దాకా మహా కరువు. క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. కూడు కోసం మతం మారారన్న మాట రాకూడదని సుమారు పదిహేను నెలలు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు సాయం ఆగిపోయాక, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆ సంఖ్యను మనం సభల్లో గొప్పగా చెప్పుకుంటాం. కానీ జులై 4 తర్వాత ఏం జరిగిందని ఎవరూ అడగరు. వాళ్లు తమ పల్లెలకు తిరిగి వెళ్లారు. వాళ్లలో చదువు వచ్చినవాళ్లు బహు తక్కువ. బైబిలు చేతికిస్తే చదివేదెవరు? అందుకే ప్రతి పల్లె అడిగింది ఒక్కటే: "మాకు పంతుల్ని పంపండి." 1872లో మొదలైన రామాపట్నం సెమినరీలోనూ ఒంగోలు బడుల్లోనూ తయారైన యువకులు భార్యలతో సహా పల్లెలకు వెళ్లారు. పల్లెవాళ్లు గింజలిచ్చి పోషించారు. పగలు పిల్లలు గొడ్ల వెంట పోతారు కాబట్టి చాలాచోట్ల రాత్రి బడే. అదే పాక ఆదివారం గుడి. అదే మనిషి సోమవారం ఓనమాలు దిద్దించేవాడు, బుధవారం ఉత్తరం చదివిపెట్టేవాడు, శుక్రవారం రోగి దగ్గర కూర్చునేవాడు, ఆదివారం వాక్యం చెప్పేవాడు. ఇప్పటికీ మన పెద్దలు పాస్టరును "పంతులు గారు" అని పిలవడం ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించండి.

ఫాదర్ల బడి

కథోలికుల చరిత్ర మనకంటే పాతది. 18వ శతాబ్దంలోనే ఫ్రెంచి యేసు సభ గురువులు రాయలసీమ వైపు తెలుగు సంఘాలను నిలబెట్టారు. 1773లో పోపు ఆ సభను రద్దు చేయడంతో గురువులు కరువై, ఆ సంఘాలు చాలా కాలం కాపరి లేని మందలా బతికాయి. 19వ శతాబ్దం చివరి భాగంలో మిల్ హిల్ సభ గురువులు మన కోస్తా జిల్లాలకు వచ్చారు. 1904లో జె.ఎం.జె. సిస్టర్లు హాలెండు నుంచి గుంటూరు వచ్చారు. ఆ సభను 1822లో స్థాపించినవారు మతియాస్ వుల్ఫ్ అనే గురువు. ఆసుపత్రి, ఆడపిల్లల చదువు ఆ సిస్టర్ల పేరుతో కలిసిపోయాయి. 1928లో నెల్లూరు మేత్రాసనం ఏర్పడింది. మన కనిగిరి ప్రాంతం అప్పట్లో నెల్లూరు జిల్లాలోదే. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో కొత్త జిల్లా ఏర్పడ్డాకే మనమంతా ఒక జిల్లా వాళ్లమయ్యాం.

కథోలిక ప్రాథమిక బడి ఎందుకంత ముఖ్యమైందో తెలియాలంటే ఒక తేదీ చెప్పుకోవాలి. 1910లో పదో పయస్ పోపు గారు, పిల్లలు ఏడేళ్ల వయసుకే మొదటి సత్ప్రసాదం తీసుకోవచ్చని ఆజ్ఞ ఇచ్చారు. అంతకుముందు చాలాచోట్ల పది పన్నెండేళ్లు దాటితే గాని ఇచ్చేవారు కాదు. ఏడేళ్లంటే రెండో తరగతి. అప్పటి నుంచి చిన్న బడి వాళ్లకు అక్షరాలు నేర్పే చోటు మాత్రమే కాదు, పిల్లవాడు సంఘ సభ్యుడిగా నడక నేర్చుకునే చోటు కూడా అయింది.

మన సండే స్కూల్ కథ కూడా దీనికి దగ్గరదే. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టరులో రాబర్ట్ రేక్స్ సండే స్కూల్ నడిపినప్పుడు ఆ పిల్లలు ఆరు రోజులు పనికి పోయేవాళ్లు. వాళ్లకు దొరికేది ఆదివారం ఒక్కటే. అందుకని ఆ రోజు చదవడం నేర్పారు. మిగిలిన ఆరు రోజులు దక్కక ఎన్నుకున్న రోజు అది.

మనం పోగొట్టుకున్నది

ఈ రెండు బడులూ ఎప్పుడూ చేతులు కలిపి నడిచాయని మేము చెప్పం. ఒకే పల్లెలో ఏ.బి.ఎం. బడి ఈ కొసన, ఆర్‌.సి.ఎం. బడి ఆ కొసన ఉండి, పిల్లల్ని లాక్కున్న రోజులున్నాయి. వాళ్లు మనల్ని దారి తప్పినవాళ్లన్నారు. మనం వాళ్లను అసలు క్రైస్తవులే కాదన్నాం. ఒకే పల్లెలో అన్నదమ్ముల పిల్లలు వేర్వేరు సమాధుల తోటల్లో పడుకున్నారు. రెండో వాటికన్ మహాసభ 1964లో మనల్ని వేరైపోయిన సహోదరులుగా పిలిచింది. మనం ఆ మాటకు మన పల్లెల్లో ఇంకా సరిగా జవాబు ఇవ్వలేదు.

కానీ మాకు అంతకన్నా ఎక్కువ బాధ కలిగించేది వేరే ఉంది. మన పంతులు బడులు ఏమయ్యాయి? మిషనరీలు వెళ్లిపోయారు, డబ్బు తగ్గింది. ఎయిడెడ్ పోస్టులు ఖాళీ అయితే ఏళ్ల తరబడి నిండలేదు. 2021లో ఎయిడెడ్ బడుల్ని, సిబ్బందిని ప్రభుత్వానికి అప్పగించే ఏర్పాటు వచ్చేనాటికే చాలా పల్లెల్లో అప్పగించడానికి పేరు తప్ప ఏమీ మిగల్లేదు. కారణాలు చాలా చెప్పవచ్చు. అయితే మన వంతు తప్పు కూడా ఉంది. బడి పోతుంటే మనం గుడి మీద స్లాబు వేసుకున్నాం, మైకు సెట్లు కొన్నాం. వారంలో ఆరు రోజులు జారిపోయాయి. ఆదివారం రెండు గంటలు మన చేతిలో మిగిలాయి. మన పూర్వీకులు దెబ్బలు తిని సంపాదించిన వారంలో మనం ఒక్క పూటే ఉంచుకున్నాం.

ద్వితీయోపదేశకాండము 6:6, 7లో దేవుడు తన మాటలను పిల్లలకు ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు నేర్పమన్నాడు. అందులో ఆరాధన స్థలం ప్రస్తావన లేదని గమనించారా? అవన్నీ మామూలు రోజుల మామూలు పనులే.

అవ్వకు మా జవాబు

అవ్వా, పిల్లవాణ్ణి ఆ బడిలో వేయండి. మన రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో పెద్దల సమ్మతి లేకుండా పిల్లవాడు మత బోధలో పాల్గొనాలని ఎవరూ బలవంతం చేయలేరు. మీరు ఫాదర్ గారిని కలిసి మర్యాదగా మన నమ్మిక చెప్పండి. మరియమ్మ గురించి, జపమాల గురించి వాళ్లకూ మనకూ భేదం ఉంది. దాన్ని మేము దాచం. ప్రార్థన యేసు నామంలోనే చేయాలని మనవడికి మీరు నేర్పండి. కానీ వాళ్లను ఎగతాళి చేయడం మాత్రం నేర్పకండి. త్రికాల జపం వేళ మౌనంగా నిలబడినందువల్ల మా విశ్వాసం తరగలేదు.

అయితే అవ్వకు మేము ఇవ్వాల్సింది జవాబొక్కటే కాదు. ఆమె మనవడికి మన వారం కూడా ఇవ్వాలి. ఈ నెల నుంచి సోమవారం, బుధవారం, శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకు మన మందిరంలో దీపం వెలుగుతుంది. అమ్మానాన్నలు వలస పోయిన పిల్లలు ముందుగా రావాలి. ఏ కులం, ఏ మతం అని అడగం. మన యువకుల్లో డిగ్రీ చదివినవాళ్లు గంటసేపు చదువు చెప్తారు. చివరి పది నిమిషాలు ప్రార్థన, ఉండదలచుకున్నవాళ్లకు. గోడ మీద ఒక నల్లబల్ల పెడుతున్నాం. ప్రతి సోమవారం పిల్లలు తమ వీధి వార్తలు చెప్తారు, అవి దాని మీద రాస్తాం. ఆ వారమంతా వాటి కోసం ప్రార్థిస్తాం. ప్రార్థించి ఊరుకోం, ఆ ఇళ్లకు వెళ్తాం.

సుద్దముక్కలు, హరికేన్ లైట్లు లేదా ఛార్జింగ్ లైట్లు, పాత పుస్తకాలు ఇవ్వగలిగినవాళ్లు అమ్మగారికి ఇవ్వండి. గంట సమయం ఇవ్వగలిగినవాళ్లు మాకు పేరు చెప్పండి.

ప్రేమగల తండ్రీ, పేరయ్య గారిని, పేరు తెలియని పంతుళ్లను, మమ్మల్ని చదివించిన సిస్టర్లను బట్టి నీకు స్తోత్రం. మేము జారవిడిచిన ఆరు రోజులను మాకు తిరిగి దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.