అమ్ముడుపోని పుస్తకమూ, అరసున్నా

గంపలగూడెంలో మా ఇంటి అటక మీద నా పుస్తకం ప్రతులు కట్టలుగా పడి ఉన్నాయి. కొన్నవారికంటె ఉచితంగా పుచ్చుకొన్నవారే ఎక్కువ. వారిలో చదివినవారెందరని అడిగే ధైర్యం నాకు లేదు. తన పుస్తకాన్ని తానే ప్రచారం చేసుకోవడం రచయితకు తగని పని అని ఒకప్పుడు గట్టిగా వాదించేవాణ్ణి. ఆ వాదం వెనుక ఉన్నది ఆత్మాభిమానం కాదనీ, వట్టి బద్ధకమనీ కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారి చరిత్ర చదివాక గాని తెలిసిరాలేదు.

లక్ష్మణరావుగారు 1877లో పెనుగంచిప్రోలులో జన్మించారు. మాకు పరాయి ఊరేమీ కాదు. 2022లో జిల్లాలను విడదీసినప్పుడు రెండు ఊళ్లూ ఎన్టీఆర్ జిల్లాలోకే వచ్చాయి. చదువు మాత్రం నాగపురంలో, అక్కగారు భండారు అచ్చమాంబ అండన సాగింది. (ఆ అక్కగారే 1902లో 'ధనత్రయోదశి' కథ వ్రాశారు. ఆమెను గూర్చి వేరుగా వ్రాయవలసినంత ఉంది.) మరాఠీలో చరిత్ర గ్రంథాలు ఎట్లా వెలువడుతున్నాయో అక్కడ కళ్లారా చూసిన మనిషి, తెలుగులో ఆ లోటు తీర్చడానికి 1906లో మిత్రులతో కలిసి హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించారు.

1907లో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాం లింకను చరిత్రతో మండలి ప్రచురణలు మొదలయ్యాయి. 1910లో చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము మొదటి భాగం వచ్చింది. నడుమ శాస్త్ర గ్రంథాలు, నవలల పోటీలు. అన్నిటికంటె నన్ను ఆకట్టుకొన్నది చందాదారుల పద్ధతి. పాఠకుణ్ణి ముందే కూడగట్టుకొని పుస్తకం వేయడం! మనం పుస్తకం వేసి పాఠకుడి కోసం ఎదురు చూస్తాము.

ఇక వ్యాకరణం సంగతి. ఆ రోజుల్లోనే గ్రాంథిక వ్యావహారిక వివాదం రగులుకొంది. గిడుగు రామమూర్తి పంతులుగారు ఒక వైపు, జయంతి రామయ్య పంతులుగారు మరొక వైపు. 1914లో గురజాడవారు తమ అసమ్మతి పత్రం సమర్పించారు. నేను గిడుగువారి పక్షమే. చిన్నయసూరి బాలవ్యాకరణాన్ని (1858) ఎంతగా ఆరాధించినా, ఆ సూత్రాలతో బడిపిల్లవాడి నోరు కట్టివేయడం అన్యాయమే. అయితే మండలి పుస్తకాలు వచ్చింది సరళ గ్రాంథికంలో. వాటిని జనం చదివారు! 'వస్తున్నాడు' అనే ఇంట్లో 'వచ్చుచున్నాడు' అని అచ్చులో కనబడితే పుస్తకం మూసివేయలేదు. విషయం మీద ఆకలి ఉన్నవాడికి క్రియారూపం అడ్డు కాదని నాకు తోస్తుంది. గిడుగువారి అభిమానులు కోపగించుకోకూడదు. ఆయన వాదం ముఖ్యంగా బడి గురించి, వ్రాతలో తడబడే పిల్లవాడి గురించి.

లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞానసర్వస్వం తలపెట్టి, మూడు సంపుటాలు వెలువరించి, 1923లో కన్నుమూశారు. అకారం కూడా పూర్తిగా దాటలేదు.

మొన్న అటక మీది కట్ట ఒకటి దింపాను. అమ్ముడుపోకపోవడానికి కారణం నా భాష గ్రాంథికచ్ఛాయలో ఉండటమేనని ఇన్నాళ్లూ సరిపెట్టుకొన్నాను. పీఠిక తెరిస్తే, పాండిత్యప్రకర్ష కోసం నేను పెట్టించిన అరసున్నలు పలకరించాయి. ఒక వాక్యంలో 'వాఁడు', మరుసటి వాక్యంలో 'వాడు'. సూరిగారి ముందూ దోషినే, గిడుగువారి ముందూ దోషినే. తప్పొప్పుల పట్టిక చేతితో వ్రాసి ఒక్కొక్క ప్రతిలో అంటిస్తున్నాను. తిరువూరులో తెలిసినవారు పదిమంది ఉన్నారు. ఈసారి వెల అడుగుతాను.